ప్లగ్గు మీద వెండి చుక్క

తోడల్లుడు అనే చుట్టరికం ఉంది చూశారూ, అది మహా చిత్రమైనది. ఇద్దరు మగవాళ్ళు ఒకరినొకరు కోరుకోరు, ఎంచుకోరు. ఒకే ఇంటి ఆడపిల్లల్ని చేసుకున్నందుకు జీవితాంతం ఒకే తక్కెడలో చెరోవైపు కూర్చుంటారు. ఎవరి పళ్ళెం ఎప్పుడు పైకి లేచిందో అత్తగారు చూస్తూనే ఉంటుంది. మన కథలో పెద్దల్లుడికి ఇంట్లో తక్కెడ చాలదన్నట్టు ఆఫీసులో కూడా ఒకటి వచ్చి పడింది. అందుకు ఎవర్నీ ఆడిపోసుకోవడానికి లేదు. దాన్ని మోసుకొచ్చి పెట్టుకున్నది తనే.

పెద్దల్లుడు కార్ల ఇంజన్లు పరీక్షించే పరిశోధన సంస్థలో ఇగ్నిషన్ విభాగానికి పెద్ద. ఇంజన్ లోపల గాలీ పెట్రోలూ కలిసిన ఆవిరికి సరిగ్గా అనుకున్న క్షణంలో నిప్పు అంటించడం ఆ విభాగం పని. అంటించేది స్పార్క్ ప్లగ్గు. బొటనవేలంత వస్తువు, మొన దగ్గర సన్నటి సందు, ఆ సందులో చిన్న మెరుపు. ఆ మెరుపు మీదే అతని యౌవనం, కంటిచూపు, కొంత జుట్టు ఖర్చయిపోయాయి. ఆఫీసులో అందరూ అతన్ని 'ప్లగ్గుగారు' అంటారు. మొదట్లో వెటకారానికి పెట్టిన పేరే, రానురాను గౌరవం కింద మారిపోయింది.

ఆ సంస్థలో ఒక ఆనవాయితీ ఉంది. ఏ ఇంజన్లోకి ఎక్కే ప్లగ్గయినా ముందు ప్లగ్గుగారి బల్ల మీదికి రావాలి. ఆయన భూతద్దం కింద పెట్టి తెల్లటి పింగాణీ ఒంటి మీద పగులుందేమో చూస్తాడు, సందు కొలుస్తాడు, విద్యుత్తు పంపి చూస్తాడు. అన్నీ బాగుంటే వెండిరంగు పెన్ను తీసి, నాలుక కొసను పళ్ళ మధ్య పెట్టుకుని, పింగాణీ మీద ఒక చుక్క పెడతాడు. ఆ చుక్క లేకపోతే మెకానిక్కులు ప్లగ్గును ముట్టుకోరు. సంతకం పెట్టే అధికారం ఉన్నవాళ్ళు ఆ భవనంలో చాలామంది ఉన్నారు గానీ, చుక్క పెట్టే అధికారం మాత్రం అతనొక్కడిదే.

ఇలా హాయిగా సాగిపోతున్న రోజుల్లో మరదలి మొగుడు పనిచేసే మైక్రోవేవ్ ఓవెన్ల ఫ్యాక్టరీ మూతపడింది.

"మా చెల్లెలి మొగుడు ఇంట్లో ఖాళీగా కూర్చుంటే మీకు ముద్ద ఎలా దిగుతోందండీ?" అంది భార్య.

నిజానికి ముద్ద బాగానే దిగుతోంది. తోడల్లుడు ఖాళీగా ఉన్న ఆ నెలల్లో అత్తగారింట్లో పెద్దల్లుడి మాటకు మంచి గిరాకీ ఉండేది. అయినా భార్య పోరు పడలేక డైరెక్టరుగారితో ఒక మాట చెప్పాడు. తాత్కాలికంగా తీసుకున్నారు. చేరిన రోజు తోడల్లుడు వాకిట్లోనే వంగి, "మీ మేలు మరచిపోను అన్నయ్యా" అన్నాడు. పెద్దల్లుడు అతని భుజం తట్టి, కొన్ని నెలలపాటు ఆ తట్టిన చేతిని చూసుకుని మురిసిపోయాడు. కొరివి తెచ్చి తల గోక్కున్నానని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

చిన్నల్లుడికి చదువెంత ఉందో వినయమూ అంతే ఉంది. పెద్దల్లుడి ఒంటికి పడనిది ఆ వినయమే. పొగరుబోతైతే తిట్టుకోవచ్చు. ఇతనేమో పెద్దల్లుడు మీటింగుకు ఆలస్యంగా వచ్చినా సరే, లేచి కుర్చీ ఇస్తాడు. ఏమని తిట్టుకుంటాం?

ఒకరోజు మీటింగులో ఆ వినయంతోనే చేయెత్తాడు. "ఇంజన్లో పెట్రోలు పాలు తగ్గించి గాలి ఎక్కువ పెడితే ఖర్చు తగ్గుతుంది, పొగ తగ్గుతుంది. కానీ ఆవిరి అంత పలుచబడితే మామూలు మెరుపుకు అంటుకోదు. ఆ మెరుపు పుట్టగానే దానికి మైక్రోవేవ్ తరంగాలు అందిస్తే? అది అక్కడికక్కడే ఉబ్బి ప్లాస్మా అవుతుంది. రవ్వలాంటిది ముద్దంత అవుతుంది. ఎంత పలుచటి ఆవిరైనా అంటుకు తీరుతుంది."

పెద్దల్లుడు పకపకా నవ్వాడు. "కూర వేడిచేసుకునే పెట్టెతో కారు నడుపుతావా తమ్ముడూ? ఇంకా నయం, కారులో కూర వండుదామన్నావు కాదు."

గదిలో అందరూ నవ్వారు. చిన్నల్లుడు కూడా నవ్వాడు. డైరెక్టరుగారొక్కరే నవ్వలేదు. ఆవిడ కళ్ళజోడు తీసి, "తరంగాల్ని లోపలికి ఎలా పంపుతావు?" అని అడిగింది.

"అదే ప్లగ్గులోంచి మేడమ్."

'అదే ప్లగ్గులోంచి.' ఆ మాట పెద్దల్లుడికి సూటిగా వచ్చి తగిలింది. ఇన్నేళ్ళు తను తుడిచి, కొలిచి, చుక్క పెట్టిన ప్లగ్గులోంచి. అంటే ఇక మీదట ప్లగ్గు ఒక గొట్టం, అంతే. అసలు పని వెనకనుంచి తరంగాలు పంపే పెట్టెది. ఆ పెట్టె తోడల్లుడిది.

ఆ రోజు మొదలు అతనికి కడుపులో ఒక మంట పుట్టింది. మజ్జిగ తాగితే తగ్గే మంట కాదు. తోడల్లుడి గదిలో కొత్త బల్ల వేస్తే మంట. డైరెక్టరుగారు కారిడార్లో అతనితో రెండు నిమిషాలు ఎక్కువ నిలబడితే మంట. క్యాంటీన్లో టీ ఇచ్చేవాడు "ప్లాస్మా సారుకి పంచదార తక్కువ" అని గుర్తుపెట్టుకుంటే మరీ మంట. తనకు పంచదార అసలే వద్దని ఆ టీవాడికి ఎన్నిసార్లు చెప్పాడు!

ఇంటి దగ్గర భార్య ఊరుకునేది కాదు. "మీకెందుకండీ అంత ఏడుపు? వాళ్ళు బాగుపడితే మన చెల్లెలేగా బాగుపడేది."

"నాకేం ఏడుపు? ఆ పరికరం నిలవదని చెబుతున్నా. ఇంజనంటే తెలియని మనిషి."

"మీరు చెప్పేటప్పుడు మీ ముఖం అద్దంలో చూసుకోండి ఒకసారి."

అతను చూసుకోలేదు. అవసరం లేదు కూడా. ఆ ముఖం ఆఫీసులో, అత్తగారింట్లో, క్యాంటీన్లో అందరూ చూసేశారు. అసూయ దాచుకోవడంలో అతనంత చేతకానివాడు మరొకడుండడు. ఎవరైనా చిన్నల్లుడిని మెచ్చుకుంటే ఇతను దగ్గేవాడు. ఆ దగ్గు ఎంత ప్రసిద్ధి అయిందంటే, కుర్రమెకానిక్కులు ప్లాస్మా ఇంజన్ స్టార్ట్ అవగానే ఒకరినొకరు చూసుకుని దగ్గుకునేవారు.

ఒక ఆదివారం అత్తగారింట్లో భోజనాలు. అత్తగారు ఇద్దరల్లుళ్ళకూ ఒకేసారి వడ్డిస్తుంది గానీ, గరిటె ముందు ఎటు తిరుగుతుందో పెద్దల్లుడు చూస్తూనే ఉంటాడు. ఆ రోజు చిన్నల్లుడి వైపే తిరిగింది. ఒళ్ళు మండి, "నా కూర చల్లారిపోయింది" అంటూ తన పళ్ళెం తీసుకుని తనే వెళ్ళి ఓవెన్లో పెట్టాడు. అది బంగారు అంచు పళ్ళెం. మీట నొక్కాడో లేదో లోపల చిటపటమంటూ నీలం మెరుపులు. పిల్లలు కేకలు పెట్టారు. అత్తగారు గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. చిన్నల్లుడు ఎంగిలిచేత్తోనే వచ్చి మీట ఆపాడు.

"ఏం కాలేదత్తయ్యా, ఓవెన్ బాగానే ఉంది" అని, పెద్దల్లుడి వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "ఆ అంచు లోహపు పూత అన్నయ్యా. వెంట్రుక మందం ఉన్నా చాలు, తరంగాలు అక్కడ పోగై రవ్వలు రాలతాయి. తెలియక చాలామంది పెట్టేస్తారు."

"అన్నీ తెలిసినవాడు ఒకడు ఇంట్లో ఉండబట్టి బతికిపోయాం" అంది అత్తగారు. ఆవిడ ఎవర్నీ దెప్పడానికి అనలేదు. పెద్దల్లుడికి మాత్రం ఆ మాట పుండు మీద కారంలా పడింది. చల్లారిన కూరే తిని లేచాడు.

ఇక అసలు సంగతికి వద్దాం. ప్లాస్మా ఇంజన్‌కు తుది పరీక్ష పెట్టారు. డైరెక్టరుగారు ఇద్దర్నీ కూర్చోబెట్టి విషయం దాచకుండా చెప్పింది. "ఇది నెగ్గితే ఇగ్నిషన్ విభాగం ఇకనుంచి ప్లాస్మా విభాగం. మీ తోడల్లుడు దానికి పెద్ద అవుతాడు. ప్లగ్గుగారూ, మీరు అతనికి సాయంగా ఉంటారు. నెగ్గకపోతే ఈ పని ఇంతటితో ఆపేస్తాం. అతని తాత్కాలిక ఉద్యోగాన్ని ఈ పని కోసమే పొడిగించాం కాబట్టి అదీ ఆగిపోతుంది. నాకు రెండు విభాగాలు నడిపే వీలు లేదు."

ఒక కుర్చీ, ఇద్దరు తోడల్లుళ్ళు. అత్తగారు కూడా ఇంత కచ్చితంగా తూచలేదు.

పరీక్ష ముందురోజు సాయంత్రం చిన్నల్లుడు ప్లాస్మా ప్లగ్గులు ఒక మెత్తటి గుడ్డలో చుట్టి తీసుకొచ్చాడు. ఇన్నాళ్ళూ అతను చేసినవి తన సొంత ప్రయోగాలు కాబట్టి ప్లగ్గులు తనే చూసుకునేవాడు. తుది పరీక్షకు మాత్రం సంస్థ ఆనవాయితీ తప్పదు. "ఇంజన్లో పెట్టేవీ, అదనంగా ఒక సెట్టూ ఉన్నాయన్నయ్యా. మీ చెయ్యి పడితే నాకు ధైర్యం" అన్నాడు.

అతను వెళ్ళాక పెద్దల్లుడు తలుపు వేసుకుని భూతద్దం లైటు వెలిగించాడు. ఒక్కో ప్లగ్గునూ తిప్పి తిప్పి చూశాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి పగులు కనబడాలని కోరుకుంటూ చూశాడు. వెంట్రుకంత గీత ఉన్నా చాలు, న్యాయంగా, ధర్మంగా పక్కన పడేయొచ్చు. ఎక్కడా లేదు. ప్లగ్గులు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. సందులు సరిగ్గా ఉన్నాయి. తన బల్ల మీదికి ఇంత మంచి ప్లగ్గులు వచ్చి ఎన్నాళ్ళయిందో! వాటిని చూస్తుంటే రేపటి నుంచి తోడల్లుడి ముందు నిలబడి "ఏం చేయమంటారు" అని అడగడం కళ్ళకు కట్టింది. ఆ అవమానాన్ని లోపల్లోపలే నములుతూ ఉండగా చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. పెన్ను మూత తీసింది, చుక్క పెట్టింది, పక్కన పెట్టింది, ఇంకో ప్లగ్గు తీసుకుంది. అన్నిటికీ వెండి చుక్క పడ్డాక లైటు ఆర్పి ఇంటికెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున పరీక్ష గది అద్దం బయట జనం గుమిగూడారు. లోపల ఇంజన్, దాని నెత్తిన చిన్నల్లుడి పెట్టె, పెట్టెలోంచి ప్లగ్గులకు లావుపాటి తీగలు. చిన్నల్లుడు వచ్చేసరికే మెకానిక్కులు ప్లగ్గులు బిగించేశారు; తీగల చివర టోపీలు పింగాణీని పూర్తిగా కప్పేసి కూర్చున్నాయి. పరీక్ష నడిపే అమ్మాయి తెర ముందు కూర్చుని ఒక్కో మెట్టూ గట్టిగా చెబుతోంది. ముందు మామూలు మెరుపుతో నడిపింది. పెట్రోలు తగ్గిస్తూ పోయింది. ఒక చోట ఇంజన్ తడబడింది, దగ్గింది. అక్కడ గుర్తు పెట్టుకుంది.

"ఇప్పుడు ప్లాస్మా" అంది.

అదే చోట ఇంజన్ దగ్గలేదు. ఇంకా తగ్గించింది. అయినా దగ్గలేదు. నిద్రపోతున్న పిల్లాడి ఊపిరిలా నింపాదిగా తిరుగుతోంది. వెనకనుంచి ఎవరో "అబ్బో!" అన్నారు. డైరెక్టరుగారు కళ్ళజోడు పైకి తోసుకుంది. దగ్గింది పెద్దల్లుడొక్కడే. మెకానిక్కులు ఒకరినొకరు చూసుకున్నారు.

చిన్నల్లుడు చేతులు కట్టుకుని, పెదాలు బిగించి నిలబడ్డాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అది చూసి పెద్దల్లుడికి ఏడుపొచ్చింది, ఆనందం వల్ల మాత్రం కాదు. తనకు ఎప్పుడూ ఇలా కాలేదు. తన పని ఎంత బాగా చేసినా ఎవరూ 'అబ్బో' అనలేదు. ప్లగ్గు బాగుంటే దాని సంగతి ఎవరికీ గుర్తుండదు. పాడైతేనే అతన్ని పిలిచేవాళ్ళు.

"ఇప్పుడు ఇంజన్ మీద బరువు పెంచుతున్నా, తరంగాల శక్తి కూడా పెంచుతున్నా" అంది అమ్మాయి.

ఇంజన్ ఉన్నట్టుండి ఎగిరింది. ఒక సిలిండర్ నిప్పు అందక తప్పింది. తర్వాత ఇంకొకటి. టపటపా కొట్టుకుంది. గది అద్దాలు అదిరాయి. పంపిన శక్తి లోపలికి పోకుండా పెట్టెకే తిరిగొస్తోందని తెర మీద ఎర్రదీపం వెలిగింది. అమ్మాయి ఇంజన్ ఆపేసింది.

ఆ నిశ్శబ్దంలో పెద్దల్లుడికి ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. నెలల తరబడి కడుపులో ఉన్న మంట చప్పున చల్లారింది. ఊపిరి గుండెల నిండా వచ్చింది. ముఖం మీద నవ్వు రాకుండా ఆపుకోవడానికి బుగ్గ లోపల కొరుక్కున్నాడు. ఎంత ఆపుకున్నా కొంత కనబడే ఉంటుంది. చిన్నల్లుడు ఆ క్షణంలో ఇటే చూశాడు.

"భోజనాలయ్యాక ఒక్క అవకాశం" అంది డైరెక్టరుగారు. "అప్పటికి కారణం దొరికి సరిచేస్తే సరి. లేదంటే ఇక్కడితో ముగించేద్దాం. ప్లగ్గులు ప్లగ్గుగారికి పంపండి."

అది కూడా ఆనవాయితీయే. ఇంజన్ తప్పితే ప్లగ్గుల్ని మొదట చూసేది అతనే.

పెద్దల్లుడు తన గదిలోకి వచ్చి, కుర్చీ వెనక్కి వాలి కాసేపు కూర్చున్నాడు. కుర్చీ అంత మెత్తగా ఉంటుందని అప్పుడే తెలిసింది. ప్లగ్గులు ఇంకా వెచ్చగా ఉన్నాయి. తాపీగా ఒకటి తీసి భూతద్దం కింద పెట్టాడు.

చుక్క నల్లబడింది. చుక్క చుట్టూ పింగాణీ గోధుమరంగుకు తిరిగింది. చుక్కలోంచి బయల్దేరిన సన్నటి నల్లగీత వంకరటింకరగా కిందికి పాకి లోహాన్ని తాకింది. రెండోది తీశాడు, అదే గీత. మూడోది తీశాడు, అదే. నాలుగోదీ అంతే.

మామూలు ప్లగ్గుల మీద ఆ చుక్క ఉన్నా లేనట్టే. ఏళ్ళ తరబడి అలాగే పెడుతున్నాడు. కానీ ఈ ప్లగ్గుకు పింగాణీయే దారి. తరంగాలు దాంట్లోంచే పోవాలి. ఆ దారి మధ్యలో తను లోహపు పొడి కలిసిన వెండిరంగు పూసిపెట్టాడు. శక్తి తక్కువగా ఉన్నంతసేపూ ఆగింది, పెంచగానే చుక్క దగ్గర రవ్వలు రాలి, పింగాణీ మాడి, దారి మూసుకుపోయింది. బంగారు అంచు పళ్ళెం ఏం చేసిందో ఈ చుక్కా అదే చేసింది. చెప్పినవాడు అంత మెల్లగా, అంత వివరంగా చెప్పాడు. అందరి ముందూ చెప్పాడు.

ఫోను మోగింది. డైరెక్టరుగారు.

"ప్లగ్గుల్లో ఏమైనా కనబడిందా?"

"సందులు సరిగ్గానే ఉన్నాయండీ" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. ఫోను పెట్టేశాక చూసుకుంటే చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది.

ఏమీ చేయనక్కరలేదు. అదే అన్నిటికంటే పెద్ద సుఖం. వేలు కదపనక్కరలేదు, అబద్ధమాడనక్కరలేదు. భోజనాలయ్యేదాకా కూర్చుంటే చాలు, కుర్చీ తనది. పైగా ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు? పెన్ను తనది, చుక్క తనది, దగ్గు తనది. తెలియక పెట్టానంటే టీవాడు కూడా నవ్వుతాడు. కాబట్టి నోరు మూసుకోవడమే న్యాయమని తనకు తాను నచ్చచెప్పుకున్నాడు. ఆ ప్లీడరీ జోరుగా సాగుతుండగా తలుపు తీసుకుని చిన్నల్లుడు వచ్చాడు.

పెద్దల్లుడు గుడ్డ తీసి ప్లగ్గుల మీద కప్పేశాడు. చిన్నల్లుడు అటు చూడనే లేదు. స్టూలు మీద కూలబడ్డాడు.

"మీరు చూశారంటే ప్లగ్గుల మీద నాకు అనుమానం లేదన్నయ్యా. తప్పు నా పెట్టెలోనే ఉంది. ఎక్కడుందో తెలియడం లేదు. విప్పి చూసేంత టైము లేదు." అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "మీ మరదలికి ఇప్పుడే ఫోను చేసి చెప్పాను. అది ఏడవలేదు. 'బావగారు పక్కనున్నారా' అని అడిగింది. ఉన్నారన్నాను. 'అయితే ఫరవాలేదు' అంది."

పెద్దల్లుడు కిటికీ వైపు తిరిగాడు. బయట ఎవరో కారు కడుగుతున్నారు. తను పక్కన ఉన్నందుకు ఫరవాలేదట. తనకు పెళ్ళయ్యేనాటికి ఆ పిల్ల ఇంకా స్కూలు యూనిఫాంలో ఉండేది. అద్దం బయట తను ఎలా నిలబడ్డాడో, బుగ్గ ఎందుకు కొరుక్కున్నాడో తెలిస్తే ఆ మాట అనేదా? అంత అసూయలోనూ అతనికి సిగ్గేసింది. గుడ్డ తీసేశాడు.

"తప్పు పెట్టెలో లేదు తమ్ముడూ. ఇలా రా. ఇందులో చూడు."

చిన్నల్లుడు లేచి వచ్చి భూతద్దంలోకి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. తల ఎత్తాక అతని చూపు ప్లగ్గు మీదినుంచి వెండి పెన్ను మీదికి, అక్కడినుంచి పెద్దల్లుడి ముఖం మీదికి వచ్చింది.

"కావాలని పెట్టలేదు" అన్నాడు పెద్దల్లుడు. "అలవాటుగా... నా పిల్లల మీద ఒట్టు."

"ఒట్టెందుకు లెండి. అదనపు సెట్టు ఎక్కడుంది?"

సొరుగులోంచి తీసి ఇచ్చాడు. వాటికీ చుక్కలున్నాయి, కానీ మాడలేదు. పెద్దల్లుడు గుడ్డను రంగు వదిలించే థిన్నర్లో ముంచి తుడవబోయాడు. చిన్నల్లుడు ఆ గుడ్డను అతని చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు. ఒక్కో చుక్కనూ తనే తుడిచాడు, తనే భూతద్దం కింద చూసుకున్నాడు. చూడటం అయ్యాక "వస్తానండీ" అని వెళ్ళిపోయాడు. ఇన్ని నెలల్లో ఎప్పుడూ ఆ గదిలోంచి 'వస్తానన్నయ్యా' అనకుండా వెళ్ళింది లేదు.

మధ్యాహ్నం ఇంజన్ నడిచింది. బరువు పెంచారు, శక్తి పెంచారు, పెట్రోలు ఇంకా ఇంకా పలుచన చేశారు. తొణకలేదు. పరీక్ష నడిపే అమ్మాయి కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు. పెద్దల్లుడూ కొట్టాడు. అతను దగ్గకపోవడం ఎవరూ గమనించలేదు.

"పొద్దున ఏమైంది మరి?" అని అడిగింది డైరెక్టరుగారు.

పెద్దల్లుడు నోరు తెరిచాడు. చెప్పేద్దామనే తెరిచాడు. కానీ చిన్నల్లుడు ఒక అడుగు ముందుకేసి అతనికి అడ్డంగా నిలబడ్డాడు. "టోపీల్లో తేమ చేరింది మేడమ్. నా అజాగ్రత్త. అన్నయ్యే పట్టుకున్నారు."

"శభాష్ ప్లగ్గుగారూ! మీకు ఈర్ష్య అని అందరూ అంటుంటే నేనూ నమ్మాను సుమా" అంది ఆవిడ, నవ్వుతూ చెయ్యి చాపి. పెద్దల్లుడు ఆ చేతిని పట్టుకోవాల్సి వచ్చింది.

సాయంత్రం అందరూ వెళ్ళాక, చేతులు కడుక్కునే చోట తోడల్లుణ్ణి పట్టుకున్నాడు. కొళాయి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"నా మాట ఒకటి విను. నువ్వంటే నాకు కుళ్ళు. ఇవాళ నీ ఇంజన్ ఆగిపోతే సంతోషించాను. మేడమ్ ఫోను చేస్తే కూడా దాచాను. అదంతా నిజం, నీకు చెప్పాలనిపించింది, చెబుతున్నాను. కానీ ఆ చుక్క మాత్రం తెలియక పెట్టిందే."

చిన్నల్లుడు సబ్బు నురగ పోయేదాకా చేతులు రుద్దుకున్నాడు. ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండునని పెద్దల్లుడికి అనిపించింది.

"మొదటి మాటలన్నీ చెప్పారు కదన్నయ్యా. అంత చెప్పడానికే చాలా గుండె కావాలి. ఆ చివరిది వదిలేయండి. పళ్ళెం సంగతి నేనే చెప్పాను కదా మీకు." రుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. "వదినకు చెప్పను, అత్తయ్యకూ చెప్పను. ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను మనసులో పెట్టుకోలేదు. నాకు ఉద్యోగం ఇప్పించింది మీరు."

"నువ్వు క్షమిస్తున్నది నేను చెయ్యనిదాన్ని!"

"సరే అన్నయ్యా" అన్నాడు చిన్నల్లుడు. జ్వరంలో ఉన్నవాళ్ళు ఏదైనా అంటే సరే అంటామే, ఆ గొంతుతో అన్నాడు. కొళాయి కట్టేసి, నాలుగడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"ఇంకొక్కటి. రేపట్నుంచి ప్లగ్గులు నేనే చూసుకుంటాను లెండి. మీకెందుకు శ్రమ."

'శ్రమేముంది' అందామనుకున్నాడు పెద్దల్లుడు. ఆ రెండు ముక్కలు కూడా నమ్మేలా అనగలనన్న ధైర్యం లేక, కట్టేసిన కొళాయి మళ్ళీ తిప్పి తనూ చేతులు కడుక్కున్నాడు.